రెండు మీటర్ల దూరం

మూల జెండా దాకా పరుగు, వెనక్కి నడక, మళ్ళీ పరుగు. రెండో సగం మొదలై పది నిమిషాలైంది. కోచ్ క్విన్ ఇంకా ఇటు తల తిప్పలేదు, ఇప్పట్లో తిప్పడని హోవాన్‌కు తెలుసు, అయినా బెంచీ ముందునుంచి వెళ్ళిన ప్రతిసారీ అడుగు కాస్త గట్టిగా వేస్తున్నాడు, బూటు మేకులు సిమెంటు గట్టుకు తగిలి టకటకమనేలా, నేనున్నాను సార్ అని నోటితో అనలేని మాట కాలితో అంటున్నట్టు. ముప్ఫై నాలుగేళ్ళ కాలు. ఎడమ మోకాలు మూడుసార్లు కోసి కుట్టినది, పొద్దున లేవగానే మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సినది, ఇప్పుడు మాత్రం నూనె వేసిన కీలులా సాఫీగా వంగుతోంది. ఇవాళే చివరి ఆట అని దానికి ఎవరు చెప్పారో. భార్య దియెప్‌కి తప్ప అతను ఎవరికీ చెప్పలేదు. ఈ ఆట గెలిస్తే ఊరి జట్టు పై లీగులో ఉంటుంది, డ్రా అయినా ఓడినా కిందికి జారుతుంది, ఇప్పటికి సున్నా సున్నా. పడమటి గాలి ట్రూంగ్ సన్ కొండల మీంచి దిగి, కోతకొచ్చిన వరి మళ్ళ మీదుగా వచ్చి, తుయ్ హోవా మైదానంలో పడి పొర్లుతోంది. ఎత్తుగా కొట్టిన బంతి ఒక్కటీ అనుకున్నచోట దిగడం లేదు. ఎర్ర చొక్కాల జనం డోళ్ళు వాయిస్తున్నారు, ఆ దెబ్బలు కడుపులో దిగుతున్నాయి. అటు చూడకు. విరామంలో ఫోను తీసి చూస్తే దియెప్ రాసి ఉంది: మామయ్య వచ్చారు, సి స్టాండు, పైనుంచి మూడో వరస, అటు చూడకు. చూడకు అని రాసేదానివి ఎక్కడ కూర్చున్నాడో ఎందుకు రాశావు, దియెప్?

చూడలేదు. మూల జెండా, వెనక్కి నడక. పదమూడేళ్ళు. పదమూడేళ్ళుగా నాన్న మైదానం గేటు దాటి లోపలికి రాలేదు. ఊళ్ళో ఉన్న రోజుల్లో కూడా రాలేదు, జట్టు తమ వీధి చివరినుంచి బస్సులో ఊరేగిన రోజు కూడా రాలేదు, వల బాగుచేసుకుంటూ వాకిట్లోనే కూర్చున్నాడట. ఇవాళ ఎందుకు వచ్చాడు? దియెప్ చెప్పేసిందా? ఆఖరి ఆట అని నూడుల్స్ కొట్టులో గిన్నెలు కడుగుతూ నోరు జారిందా, లేక ఈయనే అడిగాడా, మీ ఆయన ఇంకా ఎన్నాళ్ళు పరిగెడతాడమ్మా అని? చూడకూడదనుకున్న కొద్దీ మెడ వెనక నరం సి స్టాండు వైపు లాగుతోంది. ఎదురుగా బంతి బయటికి పోయింది, చిడోజీ నీళ్ళ సీసా కోసం గీత దగ్గరికి వచ్చాడు, ఆరడుగుల మూడంగుళాల మనిషి, చెమటతో నల్లరాయిలా మెరుస్తున్నాడు. నైజీరియానుంచి వచ్చి పదకొండేళ్ళయింది, ఇప్పుడు వాడి మాటలో ఈ ఊరి యాస హోవాన్ మాటలో కంటే ఎక్కువ.

"ఏం అన్నా, ఇంకా వేడెక్కుతూనే ఉన్నావా? ఇంకాసేపైతే ఉడికిపోతావు, ఉల్లికాడలు చల్లి వడ్డించేయొచ్చు."

"నువ్వొక గోల్ కొట్టు, నేను చల్లగా కూర్చుంటాను."

"గాలి చూశావా? నా తల మీదికి రావాల్సిన బంతి సముద్రంలోకి పోతోంది. మీ నాన్నకి చెప్పు, వల వేసి పట్టిస్తాడు."

సీసా విసిరేసి పరిగెత్తాడు. వాడికి తెలియదు, నాన్న ఇక్కడే ఉన్నాడని. వాడికే కాదు ఎవరికీ ఏమీ తెలియదు. చిడోజీ వచ్చిన కొత్తలో రెండేళ్ళు వాడితో హోవాన్ మాట్లాడలేదు. వాడేం చేశాడు పాపం, వాడికి ముందు బ్రెజిల్‌వాడు, అతనికి ముందు ఇంకెవరో, ఎక్కడికి వెళ్ళినా ముందువరస మధ్యలో ఒక పొడుగాటి పరదేశి ఉండేవాడు, ఏ క్లబ్బయినా మొదట కొనేది వాడినే, ఈ దేశంలో పుట్టి గోల్ కొట్టడమే పనిగా పెట్టుకున్నవాడు పక్కకి జరగాలి. నువ్వు అయిదడుగుల ఆరంగుళాలు, నీ తలకి బంతి అందదు, ఎడమ అంచున పరిగెత్తు, బంతి లోపలికి పంపు, కొట్టేది వాడు కొడతాడు. ఎంతమంది కోచ్‌లు చెప్పారు ఈ మాట! పదహారేళ్ళ ఆటలో అరవై ఒక్క గోల్స్. వాటిలో సగం ఎవడో గాయపడ్డప్పుడు, ఎవడికో ఎర్రకార్డు పడ్డప్పుడు, ఎవడో విమానం దిగడం ఆలస్యమైనప్పుడు కొట్టినవి. దేశం చొక్కా రెండుసార్లు వేశాడు, రెండూ కలిపి పదకొండు నిమిషాలు, హనోయ్‌లో, వానలో. మొదటిసారి మైదానంలోకి దిగాక బంతి తన కాలికి మూడుసార్లు తగిలింది, ఆ మూడుసార్లూ ఇప్పటికీ కాలిలో ఉన్నాయి, ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించగలడు. ఆ రాత్రి గెలిచామని దేశమంతా మోటారు సైకిళ్ళెక్కి మూకుళ్ళూ మూతలూ వాయించుకుంటూ రోడ్ల మీద పడింది. జట్టు బస్సు ఆ జనంలో ఇరుక్కుపోయింది. ఒక ముసలామె కిటికీ దగ్గరికి వచ్చి తన చెయ్యి పట్టుకుని, నువ్వెవరు నాయనా, ఆడావా అని అడిగింది. పదకొండు నిమిషాలు ఆడానమ్మా అన్నాడు. అయితే చాలు, అంది.

కాలికి మూడుసార్లు తగిలిన బంతి గుర్తుంది. గుర్తు లేనిది ఒక్కటే.

గుర్తు లేదని నిజంగా అనవచ్చా? మూల జెండా. ఆరో వార్డు ఇసుకలో చెప్పుల్లేకుండా ఆడే రోజులు గుర్తున్నాయి. పన్నెండేళ్ళప్పుడు ప్రాంతీయ శిక్షణ కేంద్రంవాళ్ళు వచ్చి చూస్తే, నాన్న పడవ మీంచి దిగి వచ్చి తడిసిన ప్యాంటుతోనే వాళ్ళ పక్కన నిలబడి, వాడు రెండు కాళ్ళతోనూ కొడతాడు సార్, ఎడమదీ చూడండి, ఎడమదీ చూడండి అని వాళ్ళను ఊపిరి తీసుకోనివ్వలేదు. కేంద్రంలో చేరేముందు నెలరోజులు ట్యూనా చేప కళ్ళు వండించాడు, మట్టిముంతలో మూలికలు వేసి ఉడికించిన కళ్ళు, పిడికిలంత పెద్దవి, తిను, చూపు చురుకవుతుంది, గోల్ మూలలు కనిపిస్తాయి. వాంతి వచ్చేది. తినేవాడు. నాన్న నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పుడెవరికైనా గుర్తుందా, అమ్మ పోయాక తనకి తప్ప? సముద్రం మీదికి వెళ్తే ఇరవై రోజులు, ఇరవై రెండు రోజులు. పడవలో రేడియో పెట్టుకుని ఏ ఊళ్ళో ఆట జరిగినా వినేవాడట. పడవలో ఏడుగురూ వినాల్సిందే, ట్యూనా గాలానికి పడ్డా సరే, ఆగండ్రా, మా వాడి కాలికి బంతి వచ్చింది అనేవాడట. ఆ మాట పక్కింటి మామయ్య చెప్పాడు, ఆయనా ఆ పడవలోనే ఉండేవాడు. ఆ రోజూ ఆయన పడవలోనే ఉన్నాడు.

ఆ రోజు. డోళ్ళు ఆగాయి, ఎవడో పడిపోయాడు, లేచాడు, మళ్ళీ డోళ్ళు. అరవై నాలుగో నిమిషం. ఆ రోజుకి ముందురోజు బస్సు. అప్పుడు తను ఈ జట్టులో లేడు, ఉత్తరాన వేరే రాష్ట్రంలో ఆడేవాడు, ఇరవై ఒకటో ఏడు. తూంగ్ పక్క సీటు, వసతి గదిలో పక్క మంచం, మూడేళ్ళుగా పక్క మంచం. మధ్య మైదానంలో తూంగ్ ఆడుతుంటే వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, బంతి ఎక్కడికి కావాలో అక్కడికి వచ్చేది. జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేవాడు. బస్సు అద్దం మీద వాన కారుతోంది, ముందు సీట్లలో ఎవడో పాట పెట్టాడు, తూంగ్ ఆ పాట చాటున చెవి దగ్గరికి వంగి అన్నాడు:

"రేపు గెలుస్తాంరా, దాని గురించి దిగులు లేదు. ఒక్క గోల్ తేడాతోనే గెలవాలి, పందేలవాళ్ళతో మాటైంది. రెండోది పడకూడదు. ముగ్గురం ఉన్నాం. నిన్ను కలపలేదు."

"ఏమంటున్నావు నువ్వు?"

"ఏమీ అనలేదు. నీ ఆట నువ్వు ఆడుకో. పక్క మంచం వాడివి, దాచడం నావల్ల కాలేదు, అంతే."

అప్పుడు తను ఏం చెయ్యాలి? లేచి ముందుకెళ్ళి కోచ్ భుజం తట్టాలా? పది అడుగులు, బస్సు నడవ పది అడుగులు ఉంటుంది. లేవలేదు. అద్దం వైపు తిరిగి వాన చూశాడు. రాత్రి మంచం మీద ఒత్తిగిల్లినా అటు తూంగే, ఇటు గోడే. పొద్దున నూడుల్స్ తింటూ తూంగ్ ఎప్పటిలాగే తన గిన్నెలోంచి మాంసం ముక్క తీసి ఇటు వేశాడు. తిన్నాడు. అదీ గుర్తుంది. ఆట గుర్తుంది. ఒకటి సున్నాతో ముందున్నారు, డెబ్బై తొమ్మిదో నిమిషం, కుడివైపునుంచి బంతి గడ్డిని రాసుకుంటూ వచ్చింది, గోల్‌కీపర్ పడిపోయి ఉన్నాడు, గోల్ ఖాళీ, రెండు మీటర్ల దూరం. అంతవరకు అంతా గుర్తుంది, బంతి మీద పట్టిన మట్టితో సహా. ఆ తర్వాత బంతి గోల్ అడ్డుకర్ర పైనుంచి ఎగిరి జనంలో పడటం గుర్తుంది. ఈ రెంటికీ మధ్య ఏముంది? కాలు ఉండాలి. ఆ కాలు ఏం చేసింది? పదమూడేళ్ళలో ఎన్ని వేలసార్లు అక్కడికి వెళ్ళాడో, వెళ్ళిన ప్రతిసారీ బంతి వచ్చేది, బంతి ఎగిరేది, మధ్యలో సినిమా రీలు తెగినట్టు తెల్లగా ఏమీ లేదు. తప్పిందా? తప్పించాడా? రోజుకి వందసార్లు కొట్టేవాడు శిక్షణలో అలాంటివి, కళ్ళు మూసుకుని కొట్టేవాడు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడులో తూంగ్ వెనకనుంచి మెడ మీద చెయ్యి వేసి, గండం గట్టెక్కించావురా, నేనైనా అంత చక్కగా తప్పించలేను, అన్నాడు. ఆ చెయ్యి ఇంకా మెడ మీదే ఉంది. సి స్టాండు వైపు లాగుతున్న నరం అదే.

మరి నాన్న విన్నది ఏమిటి? గాలివాటాన వస్తూ పోతూ ఉన్న రేడియోలో వ్యాఖ్యాత అరిచాడట, రెండు మీటర్లు, ఖాళీ గోల్, హోవాన్... పైకి! పైకి కొట్టాడు! ఇదెలా జరిగిందో నాకు అర్థం కావడం లేదు! పడవలో అందరూ నాన్న వైపు తిరిగారట. మీ నాన్న రేడియో కట్టేసి గాలాలకి ఎర గుచ్చుతూ కూర్చున్నాడురా, తొమ్మిది రోజులు మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు, అని పక్కింటి మామయ్య. ఒడ్డుకి వచ్చేసరికి ముగ్గురినీ పోలీసులు పట్టుకుపోయారు, పేపర్లలో ఫోటోలు. హోవాన్‌నీ రెండు రోజులు కూర్చోబెట్టి అడిగారు. నీకు తెలుసా? తెలియదు. పక్క మంచం వాడు నీకు చెప్పలేదా? చెప్పలేదు. వదిలేశారు. ఇంటికి వచ్చాడు. నాన్న వాకిట్లో కుండీ దగ్గర ఉప్పు పట్టిన కాళ్ళు కడుక్కుంటున్నాడు, ఇరవై రెండు రోజుల గడ్డం, తల ఎత్తలేదు, చెంబుతో నీళ్ళు పోసుకుంటూ అడిగాడు:

"ఒరే, నువ్వూ వాళ్ళలో ఉన్నావా?"

లేను అంటే సరిపోయేది. రెండక్షరాలు. అమ్మ అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆ రెండక్షరాల కోసమే చూస్తోంది. పోలీసుల ముందు అబద్ధం గడగడా వచ్చినవాడికి నాన్న ముందు నోరు పెగల్లేదు. అబద్ధం అవుతుందని భయమా? నిజమో అబద్ధమో తనకే తెలియదని భయమా? లేక, నన్ను, నా నాన్నే, ఈ ప్రశ్న అడుగుతాడా అన్న రోషమా? రోషమే అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు తనకి తను. గోడ మేకుకి ఉన్న హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. వెనక చెంబు నీళ్ళ చప్పుడు ఆగలేదు. అంతే. తర్వాత అన్నీ మాట్లాడుకున్నారు, గాలి గురించి, చేప గురించి, పైకప్పు రేకుల గురించి. అమ్మ పోయినప్పుడు తెల్లగుడ్డ తలకి కట్టుకుని పక్కపక్కనే నిలబడి టెంటు వాడు ఎన్ని కుర్చీలు తెచ్చాడో మాట్లాడుకున్నారు. ఆ ప్రశ్న మాత్రం రెండోసారి రాలేదు. రెండోసారి అడిగి ఉంటే చెప్పేవాడినా? ఏం చెప్పేవాడిని?

"హోవాన్!"

క్విన్ పిలుస్తున్నాడు. నిజంగానే తననే. ఎనిమిది నిమిషాలే మిగిలాయి, పై చొక్కా విప్పుతుంటే జిప్పు ఇరుక్కుంది, సహాయకుడు లాగాడు, మోకాలి పట్టీ సర్దుకోవడానికి వంగితే రక్తమంతా తలలోకి వచ్చింది. క్విన్ చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తున్నాడు, డోళ్ళలో ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది.

"అంచుకి పోకు. మధ్యలో ఉండు. చిడోజీకి రెండడుగుల దూరంలో ఉండు. వాడి తలకి తగిలింది ఏదైనా నీదే."

"మధ్యలోనా సార్?"

"ఎన్నాళ్ళనుంచి అడుగుతున్నావు, మధ్యలో ఆడించమని? పో, ఆడు."

నవ్వొచ్చింది. పదహారేళ్ళు అడిగాడు, ఎనిమిది నిమిషాలు దొరికాయి. పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్తుంటే జనం పేరు పట్టి అరిచారు, ఊరివాడు కదా, హోవాన్ హోవాన్, ఆ అరుపులో ఒక గొంతు కోసం చెవి వెతికింది, ఆ గొంతు అరవదు, ఆ గొంతు ఎప్పుడూ అరవలేదు, ఆట చూస్తున్నంతసేపూ నాన్న నోట్లో పుల్ల నములుతూ ఉండేవాడు. వద్దు. బంతి చూడు. గడ్డి మీద గాలి చెంప మీద కొడుతోంది, వెలుతురు పోయి దీపాల వెలుగు వచ్చింది, అందరి కాళ్ళకీ నాలుగేసి నీడలు. మొదటి బంతి, తగిలింది, వెనక్కి ఇచ్చాడు. రెండోది దొరకలేదు. ఎదుటి జట్టు వెనకవరస కుర్రాడు మోచేత్తో పక్కటెముకల్లో పొడిచి, తాతా, ఇంటికెళ్ళి మందు వేసుకో, అన్నాడు. మంచిది, బతికే ఉన్నానన్నమాట. చిడోజీ అరుస్తున్నాడు, అన్నా, దగ్గరికి, ఇంకా దగ్గరికి! ఎనభై ఆరు. ఎనభై ఏడు. మోకాలిలో ఏదో టిక్కుమంది, పోనీ. ఎడమనుంచి పొడుగాటి బంతి లేచింది, గాలి దాన్ని పట్టుకుని ఒక క్షణం ఆకాశంలోనే ఆపేసింది, అందరూ మెడలెత్తి నిలబడ్డారు, ఎక్కడ దిగుతుందో చిడోజీ ఒక్కడికే తెలిసినట్టు మూడడుగులు వెనక్కి వేసి లేచాడు, ఎంత ఎత్తు లేచాడో, నుదుటితో కిందికి దించాడు. నీదే. అది నాదే. ఒక్కసారి నేలకు తగిలి మోకాలి ఎత్తుకి లేచింది, గోల్‌కీపర్ ఎడమకి కదిలాడు, కుడివైపు గోల్ అంతా తెరిచి ఉంది, తెల్లటి వల గాలికి ఊపిరి పీల్చి వదులుతోంది, ఇంకేమీ లేదు లోకంలో, డోళ్ళు లేవు, నాన్న లేడు, తూంగ్ లేడు, కుడికాలు తుంటి దగ్గరనుంచి మొత్తంగా, బొటనవేలి దాకా మొత్తంగా వచ్చి కొట్టింది.

అడ్డుకర్ర పైనుంచి పోయింది.

జానెడు పైనుంచి. జనం నోళ్ళు ఒక్కసారిగా తెరుచుకున్న చప్పుడు, పెద్ద అల వెనక్కి లాగినప్పటి చప్పుడు. హోవాన్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు, గడ్డి వాసన, చేతుల్లో గడ్డి, ఏడుపు రావాలి, రావడం లేదు. రాకపోగా కాలిలో ఏదో నిండుగా ఉంది. ఈ కాలు ఏమీ దాచుకోలేదు. గోల్ కావాలని కొట్టింది, ఒళ్ళంతా కావాలని కొట్టింది, తప్పింది. తప్పడమంటే ఇదన్నమాట. ఇలా ఉంటుందన్నమాట. మరి ఆ రోజు? ఆ రోజు ఇలా లేదు. ఆ తెల్లటి తెగిన చోట, ఇన్ని వేలసార్లు వెళ్ళినా ఏమీ కనిపించని చోట, ఇప్పుడు ఎవరో దీపం పట్టుకుని నిలబడ్డట్టు కనిపించింది. బంతి వస్తోంది, మట్టి పట్టిన బంతి, గోల్ ఖాళీ, అప్పుడు తను తల ఎత్తాడు. బంతి మీదనుంచి చూపు తీసి, తల ఎత్తి, గోల్ ముందరి పెనాల్టీ గీత దగ్గర నిలబడ్డ తూంగ్‌ని చూశాడు. తూంగ్ కూడా చూశాడు. రెప్పపాటు. తర్వాత కాలు బంతి కిందికి పోయింది, బంతి ఎగిరింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు, కానీ చూశాడు. గోల్ ముందు నిలబడి గోల్ కాక ఇంకొకటి చూశాడు.

"లే అన్నా," చిడోజీ చంకల కింద చేతులు వేసి లేపుతున్నాడు. "గాలి అన్నా, గాలి. లే. ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి."

"గాలి కాదురా. నేనే."

"సరే, నువ్వే. లే ముందు."

రెండు నిమిషాలూ, పైన కలిపిన నాలుగు నిమిషాలూ పరిగెత్తాడు. ఎలా పరిగెత్తాడో తెలియదు, మోకాలు వద్దంటున్నా పరిగెత్తాడు, ఒకసారి సొంత గోల్ దాకా వెళ్ళి ఎదుటివాడి కాళ్ళకింది బంతి లాగాడు. ఇంకేమీ జరగలేదు. ఈల పడింది. సున్నా సున్నా. జట్టు కిందికి జారింది. క్విన్ బెంచీ మీద కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. చిడోజీ చొక్కా పైకి లాగి తల కప్పుకున్నాడు. జనంవైపు దండం పెడుతూ ఒక చుట్టు నడవాలి, నడిచారు. చప్పట్లు కొట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు, ఒకడు మాత్రం కంచె పట్టుకుని ఊగుతూ, అమ్ముడుపోయావా హోవాన్, అమ్ముడుపోయావా అని గొంతు చించుకుంటున్నాడు. పదమూడేళ్ళ కింద ఆ మాటకి తల దించుకుని పోయేవాడు. ఇవాళ ఆగి వాడి ముఖం చూశాడు. ఏడుస్తున్నాడు వాడు, పాపం, నిజంగానే. అప్పుడు తలెత్తి సి స్టాండు చూశాడు. పైనుంచి మూడో వరస ఖాళీగా ఉంది.

వెళ్ళిపోయాడు. అంతేగా, ఇంకేం చేస్తాడు, ఇది రెండోసారి, అదీ విన్నది కాదు, ఈసారి కళ్ళారా చూశాడు, కొడుకు ఖాళీ గోల్ మీదినుంచి కొట్టడం. హోవాన్ చొక్కా మార్చుకోలేదు. బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతోనే, వెనక గేటులోంచి బయటికి వచ్చాడు. బండ్లు పెట్టే చోట వందల మోటారు సైకిళ్ళు ఒకేసారి దారి కోసం అరుస్తున్నాయి, పొగ, దుమ్ము, గాలికి ఎగురుతున్న కాగితాలు. ఎక్కడని వెతుకుతాడు? మోకాలు ఇప్పుడు వంగడం లేదు, కాలు ఈడ్చుకుంటూ వరస వరసా చూసుకుంటూ వెళ్ళాడు. జనం గుర్తుపట్టి పక్కకి తప్పుకుంటున్నారు, ఎవరో భుజం తట్టారు, ఎవరో తట్టబోయి మానుకున్నారు. చివరి వరసలో, గోడ దగ్గర, పాత బండి మీద కూర్చుని, ఇంజన్ ఆన్ చేసి, జనం పలచబడటానికి చూస్తున్నాడు నాన్న. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఎండకి నల్లబడ్డ మెడ, నోట్లో పుల్ల. హోవాన్ ఎదురుగా నిలబడ్డాడు. గాలి గురించి, చేప గురించి మాట్లాడుకునే ఇద్దరు మనుషులు.

"ఒళ్ళు వెనక్కి వాల్చావు," అన్నాడు నాన్న. "కొట్టేటప్పుడు. అందుకే పైకి లేచింది. బంతి మీదికి వంగాల్సింది."

"అవును."

"కొట్టడం మాత్రం బాగా కొట్టావు. గట్టిగా."

అంత చాలు, ఇంటికి పోవచ్చు. ఆ మాటతో ఇన్నేళ్ళూ కడిగేసుకుని, నాన్నా అన్నం తిన్నావా అని, గుడ్ నైట్ అని. ఆయన నమ్మాడు, ఇవాళ్టి కాలిని చూసి ఆ రోజు కాలిని కూడా నమ్మేశాడు, ఆ ముఖంలో తెలుస్తోంది, ఆ ముఖం ఎప్పుడు ఇంత మెత్తబడిందో. ఊరుకో. ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోవడమేగా నీకు వచ్చింది.

"నాన్నా, అప్పుడు నేను వాళ్ళలో లేను. కానీ నాకు తెలుసు. ముందురోజే తూంగ్ చెప్పాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ బంతి దగ్గర... కొట్టేముందు తల ఎత్తి వాడి ముఖం చూశాను. ఇవాళే గుర్తొచ్చింది, ఇప్పుడే, అక్కడ పడిపోయినప్పుడు. డబ్బు ముట్టుకోలేదు. కానీ చూశాను."

నాన్న నోట్లో పుల్ల ఆగింది. గోడ అవతల ఎవరో డోలు మీద ఒక్క దెబ్బ కొట్టి ఊరుకున్నారు. పక్క వరస బండ్లు వెళ్ళిపోతుంటే ఆయన హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని, నరాలు తేలిన ఆ చేతుల్నే చూసుకున్నాడు.

"అదా," అన్నాడు.

"అదే."

"నేను ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. తల ఎత్తకుండా అడిగాను. నీ ముఖం చూసి అడగాల్సింది." పుల్ల తీసి కింద పడేశాడు. "ఎలాంటి సమాధానం వస్తుందోనని భయపడ్డాన్రా. సముద్రం మీద తొమ్మిది రోజులు అదే ఆలోచన. ఒడ్డుకి వచ్చి అడిగాను గానీ, వినే ధైర్యం తెచ్చుకోలేదు."

హోవాన్ బూట్లు కింద పెట్టాడు. మేజోళ్ళ కింద నేల ఇంకా వెచ్చగా ఉంది.

"ఆ తూంగ్ ఇప్పుడెక్కడున్నాడు?"

"బువోన్ మా థువోట్ వైపు కాఫీ లారీలు నడుపుతున్నాడని ఎవరో అన్నారు. నేను ఎప్పుడూ వెళ్ళలేదు."

"మంచివాడేనా?"

ఈ ప్రశ్న పదమూడేళ్ళలో ఎవరూ అడగలేదు. తనను తనూ అడగలేదు. జ్వరానికి గంజి, గిన్నెలోంచి తీసి వేసిన మాంసం ముక్క, వెనక్కి తిరక్కుండానే కాలి దగ్గరికి వచ్చే బంతి, మెడ మీద తడి చెయ్యి. అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. మంచివాడే, నాన్నా, అనబోయాడు, అది చాలదు, చెడ్డపని చేశాడు అనబోయాడు, అదీ చాలదు.

నాన్న చెయ్యి చాచి తాళం తిప్పాడు. ఇంజన్ ఆగిపోయింది. బండికి స్టాండు వేసి, సీటు మీద ముందుకి జరిగి, వెనక చోటు చేత్తో తట్టాడు.

"కూర్చో. ఆ కాలు చాపుకో. మొదటినుంచి చెప్పు."

హోవాన్ కూర్చున్నాడు. నాన్న వీపు ఎదురుగా ఉంది, ముఖం కనిపించడం లేదు, అది గమనించి ఆయనే ఒళ్ళంతా తిప్పి ఇటు కూర్చున్నాడు, బండి ఊగింది.

"బస్సులో," అన్నాడు హోవాన్, "వాన పడుతోంది."